టీకి రమ్మంటే ఆకలితో వెళ్లాలి: బ్రిటన్‌లో పూటల పేర్లు పట్టుకునే పద్ధతి

నేను ఉత్తర ఇంగ్లండ్‌లోని సౌత్ యార్క్‌షైర్‌లో, బార్న్‌స్లీకి దగ్గర్లో, పెద్దవయసువాళ్లను చూసుకునే ఒక కేర్ హోమ్‌లో సీనియర్ కేరర్‌గా పనిచేస్తున్నాను. అంతకుముందు మేం దక్షిణాన, లండన్ వైపు ఉన్న రెడింగ్‌లో ఉండేవాళ్లం. రెండు ఊళ్లకీ మధ్య కారులో మూడు గంటల దారి. దేశం ఒకటే, డబ్బు ఒకటే, సూపర్ మార్కెట్లు కూడా అవే. పూటల పేర్లు మాత్రం తిరగబడిపోతాయి. రెడింగ్‌లో మధ్యాహ్నం తినేది లంచ్, రాత్రి తినేది డిన్నర్. ఇక్కడ మధ్యాహ్నం తినేది డిన్నర్, సాయంత్రం తినేది టీ. మా హోమ్‌లో కొత్తగా చేరే మన పిల్లలకు ముందు ఫైర్ ఎగ్జిట్‌లు చూపిస్తాను, ఆ వెంటనే ఈ సంగతి చెబుతాను. చెప్పకపోతే మొదటి వారంలోనే ఎవరో ఒకరు మధ్యాహ్నం పెట్టాల్సిన ప్లేటు పట్టుకుని సాయంత్రం దాకా ఎదురుచూస్తారు.

ముందుగా మీరు ఏ ప్రాంతంలో దిగారో చూసుకోండి. యార్క్‌షైర్, లాంకషైర్, డర్హమ్, న్యూకాజిల్ వైపు అయితే బ్రేక్‌ఫస్ట్, డిన్నర్, టీ అనే వరస. డిన్నర్ పన్నెండుకీ ఒంటిగంటకీ మధ్య, టీ సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర లోపు. లండన్, దాని చుట్టూ ఉన్న సర్రే, కెంట్, బెర్క్‌షైర్ వైపు అయితే మనం పుస్తకాల్లో చదువుకున్న బ్రేక్‌ఫస్ట్, లంచ్, డిన్నరే. ఆ డిన్నర్ ఏడుకో ఎనిమిదికో ఉంటుంది. మధ్యలో మిడ్‌లాండ్స్ ఉంది చూశారూ, నాటింగ్‌హామ్, డెర్బీ, స్టోక్, బర్మింగ్‌హామ్, అక్కడ ఒకే ఆఫీసులో రెండు వరసలూ వినిపిస్తాయి. వేల్స్‌లోనూ, స్కాట్లండ్‌లోనూ చాలామందికి టీ అంటే సాయంత్రం భోజనమే. ఇక్కడితో ఉత్తరం అయిపోయింది, ఇక్కడి నుంచి దక్షిణం అని మ్యాప్ మీద గీత గీయడం కుదరదు.

ప్రాంతం తెలిస్తే సగం పనే అయినట్టు. మిగతా సగం ఎదుటి మనిషిని బట్టి ఉంటుంది. లీడ్స్‌లో పెద్ద లాయరు లంచ్ అనొచ్చు, ఎసెక్స్‌లో ఇళ్లకు రంగులు వేసే ఆయన డిన్నర్ అనొచ్చు. ఇది ఊళ్ల తేడాతో పాటు అంతస్తుల తేడా కూడా. 1954లో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అలాన్ రాస్, ఇంగ్లిష్‌వాళ్ల మాటను బట్టి వాళ్ల తరగతిని ఎలా పసిగట్టవచ్చో ఒక వ్యాసం రాశాడు. పైతరగతి వాళ్లు మధ్యాహ్నం లంచ్, రాత్రి డిన్నర్ చేస్తారనీ, మిగతావాళ్లు మధ్యాహ్నమే డిన్నర్ కానిచ్చేస్తారనీ అందులో ఉంది. పైతరగతి ఇళ్లలోని పిల్లలూ కుక్కలూ కూడా మధ్యాహ్నమే డిన్నర్ తింటాయని ఆయన పనిగట్టుకుని చేర్చాడు. నాకు ఆ వ్యాసంలో నచ్చింది ఆ కుక్కలే.

సప్పర్ అనే మాట దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే అది రెండు కొసల్లోనూ ఉంది. లండన్‌లో కాస్త కలిగిన కుటుంబం ‘సప్పర్‌కి రండి’ అంటే, పెద్ద హంగామా ఏమీ ఉండదు, వంటింటి బల్ల దగ్గరే కూర్చుని తిందాం అని. రాత్రి భోజనమే, డిన్నర్ అంటే మర్యాదలు ఎక్కువవుతాయని ఆ మాట. ఇక్కడ మా హోమ్‌లో సప్పర్ అంటే పడుకునే ముందు ఎనిమిదింటికి ఇచ్చే హార్లిక్స్, ఒక టోస్ట్ ముక్క, లేదా రెండు బిస్కెట్లు. దాన్ని నమ్ముకుని కడుపు ఖాళీగా ఉంచుకుంటే ఆ రాత్రి అంతే. 2012లో పత్రికల తీరు మీద లెవెసన్ విచారణ జరిగినప్పుడు, ఒక పత్రికా సంస్థను నడిపిన ఆవిడ 2009లో డేవిడ్ కామెరాన్‌కు, ఆయన ప్రధానమంత్రి కాకముందు ప్రతిపక్ష నేతగా ఉన్నప్పుడు, పంపిన మెసేజ్ బయటికొచ్చింది. త్వరలో ‘కంట్రీ సప్పర్’ దగ్గర మాట్లాడుకుందాం అని అందులో ఉంది. మెసేజ్‌లో మిగతా విషయం ఒక ఎత్తు, దేశమంతా ఎగతాళి చేసిన ఆ రెండు మాటలు ఒక ఎత్తు.

ఈ గందరగోళం ఎలా వచ్చిందో ఒకసారి తెలుసుకుంటే తర్వాత బట్టీ పట్టే పని ఉండదు. డిన్నర్ అంటే మొదట్నుంచీ రాత్రి భోజనం కాదు, రోజులో పెద్ద భోజనం. మన ‘భోజనం’ లాగే, దానికి గడియారంతో పని లేదు. ఒకప్పుడు అందరూ దాన్ని పట్టపగలే చేసేవారు. 18వ శతాబ్దంలో డబ్బున్నవాళ్ల ఇళ్లలో అది మధ్యాహ్నం మూడు, నాలుగు దాటి నెమ్మదిగా వెనక్కి జరగడం మొదలైంది. 19వ శతాబ్దానికి ఏడు, ఎనిమిది గంటలకు చేరింది. అంతసేపు ఆగలేరు కాబట్టి మధ్యలో లంచ్ పుట్టింది, సాయంత్రం నాలుగు గంటలకు కేకులు, చిన్న శాండ్‌విచ్‌లతో ఆఫ్టర్‌నూన్ టీ పుట్టింది. ఆ రెండోదాన్ని 1840ల ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ డచెస్ ఆన్నా మొదలుపెట్టిందని చెబుతుంటారు.

మిల్లుల్లో, బొగ్గుగనుల్లో పనిచేసేవాళ్లకు ఈ సోకులు కుదరవు. వాళ్ల పెద్ద భోజనం మధ్యాహ్నమే ఉండిపోయింది. పని దిగి ఇంటికి రాగానే రొట్టె, చల్లటి మాంసం, జున్ను, వాటితో పాటు కుండెడు వేడి టీ. 1784లో టీ మీద పన్నును 119 శాతం నుంచి 12.5 శాతానికి దించారు. ఆ తర్వాత టీ మెల్లగా పేదవాళ్ల బల్ల మీదికి కూడా వచ్చేసింది. పక్కన తాగేదాని పేరు చివరికి తినేదానికి స్థిరపడింది.

ఇక అసలు పనికొచ్చే విషయం. ఎవరైనా పిలిచినప్పుడు వాళ్లు తిండికి పిలిచారా, కప్పు టీకి పిలిచారా తేల్చుకోవడం ఎలా? ఇక్కడివాళ్ల మాటలోనే గుర్తు ఉంటుంది. ‘యువర్ టీ’, ‘మై టీ’ అని ఎవరిదో ఒకరిది అన్నారంటే అది భోజనం. ‘హావ్ యూ హ్యాడ్ యువర్ టీ?’ అంటే తిన్నావా అని. ‘కమ్ రౌండ్ ఫర్ యువర్ టీ’ అంటే వచ్చి తిని వెళ్లు అని. ‘ఎ టీ’, ‘ఎ కప్ ఆఫ్ టీ’, ‘ఎ కప్పా’ అన్నారంటే తాగేది. ఉత్తరాదిలో ఎక్కువగా ‘ఎ బ్రూ’ అంటారు, అది ఎప్పుడూ తాగేదే, దానికోసం వెళితే బిస్కెట్‌కి మించి ఏమీ ఆశించకండి. ఉత్త ‘కమ్ ఫర్ టీ’ అన్నప్పుడే అసలు టెన్షన్. సాయంత్రం ఐదు, ఆరు గంటల మాట వస్తే భోజనం అనుకోండి. మూడున్నర, నాలుగు అంటే కేకు ముక్క, కప్పు.

అనుమానం ఉంటే టైమ్ అడగండి. మెనూ ఏమిటని అడగడం ఇక్కడ కొంచెం ఎబ్బెట్టు, టైమ్ అడగడం మాత్రం మర్యాదే. ‘వాట్ టైమ్ డూ యూ వాంట్ అస్?’ అంటే చాలు. ‘హాఫ్ ఫైవ్’ అని జవాబు వస్తే ఐదున్నర, నాలుగున్నర కాదు. మన ఆలస్యం లెక్కలు ఇక్కడ పెట్టకండి. ఐదున్నర అంటే ఓవెన్‌లో ఉన్నది ఐదూ నలభైకి బల్ల మీదికి వస్తుంది.

బీఫ్ తినకపోయినా, మాంసమే ముట్టకపోయినా ఆ సంగతి పిలిచిన రోజునే చెప్పేయండి. బల్ల దగ్గర చెబితే వాళ్లూ ఇబ్బంది పడతారు. ఒక్క మాట అదనంగా: శుక్రవారం ‘చిప్పీ టీ’ అంటారు, అంటే చేపా చిప్స్ షాపు నుంచి తెచ్చుకునే సాయంత్రం భోజనం. యార్క్‌షైర్‌లో చాలా షాపుల్లో చిప్స్‌ని నూనెలో కాదు, బీఫ్ డ్రిప్పింగ్‌లో, అంటే ఆవు కొవ్వులో వేయిస్తారు. చేప వద్దు, ఒట్టి చిప్సే చాలు అనుకునే శాకాహారులు కూడా ‘వాట్ డూ యూ ఫ్రై ఇన్?’ అని అడిగే కొనండి. రోజుకు పదిమంది అడిగే ప్రశ్నే, వాళ్లేమీ అనుకోరు. గ్రేవీ సంగతీ అంతే, అడగాలి.

పిల్లలున్నవాళ్లకు ఇంకో చిక్కు. స్కూలు విషయంలో ఉత్తరం దక్షిణం తేడా చాలావరకు చెరిగిపోతుంది. లంచ్ అనే లండన్‌లో కూడా బడిలో వండి పెట్టేది ‘స్కూల్ డిన్నర్’, వడ్డించే ఆవిడ ‘డిన్నర్ లేడీ’. అదే బల్ల మీద ఇంటి నుంచి డబ్బా తెచ్చుకున్న పిల్లవాడు తినేది ‘ప్యాక్డ్ లంచ్’. ప్రభుత్వం కాగితాల్లో దాన్నే ‘స్కూల్ మీల్స్’ అంటుంది. ఇంగ్లండ్‌లో 2014 సెప్టెంబర్ నుంచి రిసెప్షన్, ఇయర్ 1, ఇయర్ 2, అంటే బడిలో మొదటి మూడు తరగతుల పిల్లలందరికీ అది ఉచితం. ఫారం నింపేటప్పుడు డిన్నర్ అనే మాట చూసి, రాత్రి దాకా బడిలో ఉంచుకుంటారేమో అని కంగారు పడకండి. మధ్యాహ్నం పన్నెండు గంటల సంగతే అది.

తర్వాత మీ అమ్మాయిని ఎవరో స్నేహితురాలు బడి నుంచి నేరుగా వాళ్లింటికి ‘టీకి’ తీసుకెళ్తామంటారు. ఇది దక్షిణాదిలోనూ వింటారు, పెద్దవాళ్లు రాత్రి డిన్నర్ తినే ఇళ్లలో కూడా పిల్లలు తినేది ‘కిడ్స్ టీ’నే. నాలుగున్నర, ఐదు మధ్య ఫిష్ ఫింగర్స్, పాస్తా, బఠానీలు లాంటివి పెడతారు. మీరు ఆరుకి వెళ్లి తీసుకొచ్చుకోవాలి. వెళ్లేటప్పుడు డబ్బా కట్టి పంపక్కర్లేదు. పిల్ల ఏం తినదో ముందే ఒక మెసేజ్ పెడితే చాలు. కొన్ని వారాల్లో మీరు కూడా ఆ పిల్లను పిలవాలని వాళ్లు పైకి అనరు, కానీ లెక్క మాత్రం ఉంటుంది.

క్రిస్మస్ రోజు దేశమంతా ఒకటే మాట, క్రిస్మస్ డిన్నర్. తినేది మాత్రం మధ్యాహ్నమే, చాలా ఇళ్లలో మూడు గంటలకు టీవీలో రాజుగారి ప్రసంగానికి కాస్త ముందో వెనకో. ఆదివారం రోస్ట్‌ని ఇక్కడ సండే డిన్నర్ అంటారు, దక్షిణాన సండే లంచ్ అంటారు. పబ్‌లో బల్ల బుక్ చేసుకునేటప్పుడు పేరు పట్టించుకోకుండా, ఎన్ని గంటల వరకు పెడతారో అడగండి. నాలుగు దాటాక వెళితే యార్క్‌షైర్ పుడ్డింగులు అయిపోయి ఉంటాయి.

నాలాగా కేర్ హోమ్‌లోనో, హాస్పిటల్లోనో పనిచేసేవాళ్లు ఇక్కడి నుంచి నిదానంగా చదవండి. మిగతాచోట్ల తేడా వస్తే నవ్వుకుని వదిలేస్తారు, ఇక్కడ అలా కుదరదు. మా దగ్గర పన్నెండున్నరకి పెద్ద భోజనం: మాంసం, బంగాళాదుంప ముద్ద, క్యారెట్లు, గ్రేవీ, తర్వాత కస్టర్డ్‌తో ఏదైనా తీపి. నాలుగున్నర కాగానే ట్రాలీ చక్రాల చప్పుడు వినిపిస్తుంది. అంచులు కోసేసిన హామ్ శాండ్‌విచ్‌లు, గుడ్డూ క్రెస్ శాండ్‌విచ్‌లు, టమోటా సూపు, డబ్బాలోంచి తీసిన పీచ్ ముక్కలు, వాటి మీద పోయడానికి చిన్న జగ్గులో చిక్కటి పాలు. ఇదే టీ. పెద్ద టీపాట్ కూడా ఆ ట్రాలీ మీదే ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లు ఒట్టి టీ ఇచ్చే వేళ అనుకుంటారు. ఆ పెద్దవాళ్లకు మళ్లీ హార్లిక్స్ దాకా వేరే భోజనం లేదు.

మందుల ప్యాక్ మీద చూడండి, చాలావాటికి బ్రేక్‌ఫస్ట్, లంచ్, టీ, బెడ్ లాంటి నాలుగు గళ్లు ఉంటాయి. మధ్యాహ్నానికి దక్షిణాది పేరు, సాయంత్రానికి ఉత్తరాది పేరు, రెండూ ఒకే అట్ట మీద. టీ గడిలో ఉన్న మాత్ర సాయంత్రం భోజనం వేళకి ఇవ్వాల్సింది. పదకొండింటికి ఎవరైనా కప్పు టీ తాగుతున్నారు కదా అని అప్పుడు ఇచ్చేది కాదు. ఇన్సులిన్ అయితే మాట మీద అసలు ఆధారపడొద్దు, చార్టులో రాసిన గంట చూడండి, అక్కడ స్పష్టంగా లేకపోతే నర్సును అడగండి. హ్యాండోవర్‌లో, అంటే షిఫ్టు అప్పగించేటప్పుడు, ‘డిన్నర్ సరిగా తినలేదు’ అని చెబితే, రాత్రి డ్యూటీకి వచ్చిన దక్షిణాది అమ్మాయి ఇప్పుడే తినలేదనుకుంటుంది. అందుకే నా షిఫ్టులో ఒకటే పద్ధతి: ‘12.30 భోజనం సగం, 4.30 భోజనం మొత్తం’ అని రాయాలి. లంచా, డిన్నరా అన్న వాదన మా ఫుడ్ చార్టులో కనిపించదు.

పనికి తీసుకెళ్లే డబ్బాకి ఇక్కడ ఎన్ని పేర్లో. మా హోమ్‌లో పూర్వం గనిలో పనిచేసిన ఒక తాతగారు ఉన్నారు, ఆయనకు అది ‘స్నాప్’. బొగ్గు దుమ్ము పడకుండా, ఎలుకలు కొరకకుండా గట్టి రేకు డబ్బాలో పట్టుకెళ్లేవారట, దాని పేరు స్నాప్ టిన్. యార్క్‌షైర్ దక్షిణ భాగం, నాటింగ్‌హామ్, డెర్బీ గనుల వైపు ఈ మాట ఉంది. డర్హమ్, న్యూకాజిల్ వైపు వెళితే ‘బెయిట్’. కార్న్‌వాల్‌లో ‘క్రిబ్’. కేంబ్రిడ్జ్‌కి ఉత్తరాన ఉన్న ఫెన్స్ పొలాల్లో ‘డాకీ’. స్కాట్లండ్‌లో ‘పీస్’, అంటే శాండ్‌విచ్, బడిలో ఆటవిడుపులో తినేది ‘ప్లే పీస్’. ఇక్కడి కుర్రవాళ్లు మాత్రం ఎక్కువగా ‘ప్యాక్ అప్’ అంటారు. లీడ్స్ యూనివర్సిటీకి చెందిన హెరాల్డ్ ఆర్టన్ 1950 నుంచి 1961 దాకా మనుషుల్ని పంపి, ఎక్కువగా పల్లెలే ఉన్న 313 చోట్ల పెద్దవాళ్ల మాటలు రాయించాడు. అలాంటి సర్వే చేయించాల్సి వచ్చిందంటేనే అర్థం చేసుకోండి, ఇవన్నీ మీరు నేర్చుకోనక్కర్లేదు. ఎవరైనా ‘బెయిట్ టైమ్’ అంటే లేచి బ్రేక్‌కి వెళ్లండి, అంతే. పేరు ఏదైనా, రోజుకు ఆరు గంటలకు మించి పనిచేసే పెద్దవాళ్లకు కనీసం 20 నిమిషాల విరామం చట్టం ఇచ్చిన హక్కు. అది వదులుకోకండి.

స్కాట్లండ్ వెళ్లేవాళ్లకు చిప్స్ షాపులో ఇంకో మెలిక. అక్కడ ‘ఫిష్ సప్పర్’ అంటే చేపతో పాటు చిప్స్. మధ్యాహ్నం పన్నెండింటికి కొన్నా అది సప్పరే. ‘సాసేజ్ సప్పర్’, ‘హ్యాగిస్ సప్పర్’ కూడా ఇదే లెక్క. చిప్స్ వద్దనుకుంటే ‘సింగిల్ ఫిష్’ అనాలి. ఎడిన్‌బరోలో ‘సాల్ట్ అండ్ సాస్?’ అని అడుగుతారు, ఆ సాస్ గోధుమ రంగులో పుల్లగా ఉంటుంది. గ్లాస్గోలో మామూలుగా ఉప్పూ వెనిగరే.

ఊరు చూడటానికి వచ్చే అమ్మానాన్నల్ని హోటల్‌కి తీసుకెళ్లేవాళ్లు ‘హై టీ’ అని బుక్ చేయకండి. మూడంతస్తుల స్టాండు మీద చిన్న శాండ్‌విచ్‌లు, స్కోన్లు, కేకులు వచ్చేది ఆఫ్టర్‌నూన్ టీ. స్కోన్, జామ్, గడ్డ కట్టిన మీగడ మాత్రమే అయితే క్రీమ్ టీ, డెవన్, కార్న్‌వాల్‌లలో ఎక్కువ. డెవన్‌లో ముందు మీగడ రాస్తారు, కార్న్‌వాల్‌లో ముందు జామ్. ఆ గొడవలో మనం తలదూర్చకపోవడమే మంచిది. హై టీ అంటే పాతకాలపు కూలివాళ్ల సాయంత్రం భోజనం, పేరు వినడానికి గొప్పగా ఉన్నా ఆ స్టాండుకీ దానికీ సంబంధం లేదు.

మరి మీరు ఏ మాట వాడాలి? మీకు అలవాటైనదే వాడండి. మధ్యాహ్నాన్ని లంచ్ అన్నారని బార్న్‌స్లీలో ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు, మహా అయితే ‘పాష్’, అంటే గొప్పింటివాళ్లు, అని ఏడిపిస్తారు. ఎదుటివాళ్ల మాటను మాత్రం సరిదిద్దకండి. మధ్యాహ్నం డిన్నర్ అన్న పెద్దావిడతో ‘లంచ్ అంటారు కదా’ అంటే, ఆవిడ పుట్టుపూర్వోత్తరాల మీద మీరు వేలు పెట్టినట్టే ఉంటుంది.

ఇరుగుపొరుగు ఇంగ్లిష్‌వాళ్లను మీరు పిలిచేటప్పుడు మెసేజ్‌లో పూట పేరు రాయకుండా ఏ రోజు, ఎన్ని గంటలకు, భోజనం ఉంటుందా లేదా అని రాయండి: శనివారం సాయంత్రం ఆరింటికి, భోజనం మా ఇంట్లోనే. ఆరు అని రాసి మన లెక్క ప్రకారం ఎనిమిదిన్నరకి వడ్డిస్తే, వాళ్లు మొదటి గంటలోనే సమోసాలతో కడుపు నింపేసుకుంటారు. మీరు రోజంతా వండిన బిర్యానీ మర్నాడు మీరే తినాల్సి వస్తుంది. ఆరున్నరకల్లా బల్ల మీద ప్లేట్లు పెట్టేయండి.